కాఫీ వద్దన్న సైమి

నా భార్య త్యూనెను చర్చి పడవలోంచి దింపేసింది ఆమె సొంత అక్క కెర్తు. ఇందులో వాదనకు తావు లేదు. ఊళ్ల మధ్య పడవ పోటీకి వారం ముందు, సాధనలో, త్యూనె నెలసరి నొప్పితో తెడ్డు మీదికి వంగిపోయింది. చుక్కాని పట్టిన కెర్తు పడవను ఒడ్డుకు తిప్పించి, చెల్లెలి చోట ఇంకొకదాన్ని కూర్చోబెట్టింది. త్యూనె మళ్లీ తెడ్డు ముట్టలేదు. ఆ తర్వాత తొమ్మిదేళ్లకు న్యుమోనియాతో పోయింది.

మా అమ్మాయి సైమికి పదిహేడేళ్లు. తల్లి నొప్పే దానికీ వచ్చింది. పూర్వం ఊరంతా చర్చికి వెళ్లిన ఆ పొడుగాటి పడవలో ఈ ఏడు దానికి చోటు దొరికింది. పద్నాలుగు మంది ఆడవాళ్లు తెడ్లు వేస్తారు. సరస్సు అవతలి ఊరితో పోటీ జూలై రెండో ఆదివారం. క్యాలెండరు చూసుకుంటే దాని నెలసరి మొదటి రోజు కూడా ఆ ఆదివారమే.

ఆరోగ్య కేంద్రంలో నర్సు దానికి ఒక కాగితం రాసిచ్చింది. కాఫీ మానాలి, ఉప్పు తగ్గించాలి, పండ్లు, ఓట్స్ జావ, చేప తినాలి. అందరికీ ఒకేలా పనిచేయదనీ, రెండు మూడు నెలలు చూడాలనీ, తగ్గకపోతే డాక్టరు దగ్గరికి రావాలనీ చెప్పిందట.

ఏప్రిల్‌లో మొదలుపెట్టాం. ఉప్పు చేపల పీపాను కొట్టంలోకి దొర్లించాను. ఫ్రీజర్లో ఉన్న నిరుటి బ్లూబెర్రీలు రోజూ పొద్దున జావలో కలిపాను. పట్నం వెళ్లినప్పుడల్లా నారింజలు, అరటిపండ్లు తెచ్చాను. నేనూ కాఫీ మానేశాను.

"నువ్వెందుకు నాన్నా మానడం? నీకు నొప్పి లేదుగా."

"ఇల్లంతా ఆ వాసన వేస్తుంటే నువ్వు ఆగగలవా?"

"నీ మొహం చూస్తే నొప్పి నీకే వచ్చినట్టుంది."

నిజమే. మూడు రోజులు తల పగిలిపోయింది.

మేలో దానికి నొప్పి కాస్త తగ్గింది. జూన్‌లో మంచమే ఎక్కలేదు.

గొడవ కెర్తు ఇంట్లో వచ్చింది. పోటీకి ముందు గురువారం, సాధన అయ్యాక, పడవవాళ్లంతా ఆమె బల్ల చుట్టూ చేరారు. తెడ్లు మోసుకొచ్చిన నేనూ ఉన్నాను. ఫిన్లాండ్‌లో మా వైపు కాఫీ వద్దంటే ఆ గడప వద్దన్నట్టే. జబ్బు మనిషి కూడా ఒక గుక్క తాగి లేస్తాడు. కెర్తు కాఫీ పోయబోతే సైమి కప్పు మీద అరచెయ్యి పెట్టింది.

"వద్దు పెద్దమ్మా."



"ఏం, నా కాఫీలో పురుగు పడిందా?" అంది కెర్తు.

"అది తాగితే నాకు నొప్పి ఎక్కువవుతోంది. ఆదివారం నా రోజు."

అని సంచిలోంచి స్ట్రాబెర్రీల డబ్బా తీసి బల్ల మీద పెట్టింది.

"మేకను ఎక్కించుకున్నాం పడవలోకి," అంది దాని పక్క తెడ్డు వేసే హిల్కా. "పళ్లు తిని తెడ్డు వేస్తే పడవ ఉన్నచోటే తిరుగుతుందే."

కెర్తు నవ్వలేదు. "మీ అమ్మకీ ఇదే గోల. ఆ రోజు పడవంతా ఆగిపోయింది. నీ చోట ఇంకొకర్ని చూస్తాను."

"మా అమ్మ ఇదే బల్ల దగ్గర ఆరు కప్పులు తాగి పడవెక్కేది. నాన్న చెప్పాడు. నన్ను కూర్చోనివ్వు పెద్దమ్మా. వంగిపోతే నీళ్లలోకి తోసెయ్."

కెర్తు ఆ ఖాళీ కప్పును పక్కకు జరిపింది. "తోస్తాను," అంది. చోటు మాత్రం తీయలేదు.

ఆదివారం పొద్దున నొప్పి వచ్చింది. సైమి జావ తాగి, అరటిపండు తిని, నడుము నిటారుగా పెట్టుకుని పడవెక్కింది. సగం దూరం దాకా అవతలి ఊరి పడవే ముందుంది. నేను రేవు చివర నిలబడి సైమి వీపునే చూశాను. మలుపు దాటాక మా తెడ్లు ఒక్కసారే లేచి ఒక్కసారే పడ్డాయి. ఆ వీపు వంగలేదు. సగం పడవ తేడాతో గెలిచాం. అందరికంటే ముందు రేవు మీదికి దూకింది సైమి.

"ఆ డబ్బాలో ఏమైనా మిగిలాయటే?" అంది హిల్కా, రొప్పుతూ.

"మేకకే చాలవు అత్తా."

రేవంతా నవ్వింది. హిల్కాయే దాన్ని భుజాల మీదికి ఎత్తుకుంది. అంత ఎత్తున మా అమ్మాయిని నేనెప్పుడూ చూడలేదు.

కెర్తు నా దగ్గరికి వచ్చింది. "అవులిస్, త్యూనెకూ ఇలాగే చేసి ఉంటే తగ్గేదంటావా?"

నొప్పితో ముడుచుకున్న ప్రతి పొద్దునా త్యూనెకు మంచం దగ్గరికి కాఫీ తీసుకెళ్లింది నేనే. ఇంకో కప్పు పోసిందీ నేనే.

"అడగొద్దు వదినా," అన్నాను.

ఆమె చెయ్యి చాచింది. నేను అందుకోలేదు. ఆమెను క్షమించను, నన్నూ క్షమించుకోను. సైమి గెలిచింది, అది చాలు. త్యూనె సంగతి ఇక నా నోట రాదు.