చల్లారిన అన్నం

కోడేరు దగ్గరి మా పల్లికాయ కంపెనీ రైతులదే. వాటాలన్నీ ఆడవాళ్ల పేరు మీద ఉన్నాయి. అక్కడ కూలికి పల్లీలు ఏరేదీ వాళ్లే. ఏటా జరిగే సభకు మాత్రం వాళ్ల మగవాళ్లు వచ్చేవారు. సభ ముగిశాకే భోజనం కాబట్టి, ఏం చదివినా గబగబా చేతులెత్తేవారు. చదివేది నేను. డిగ్రీ అయ్యాక ఆ ఆఫీసులోనే చేరాను.

మేనేజర్ జితేందర్ గారు బాత్రూంకు తాళం వేసి, తాళంచెవి జేబులో పెట్టుకునేవారు. అడిగితే, "ఇప్పుడే గదా పొయ్యొచ్చినవ్" అని అందరి ముందూ అనేవారు. ఆడవాళ్లు నీళ్లు తాగడం మానేశారు. చివరికి సుభద్రమ్మ మూత్రంలో మంటతో దవాఖానలో పడింది. మా సారమ్మ చిన్నమ్మ ఆ సంగతి ఆయన్నే అడిగింది. రేపటి నుంచి పనికి రావద్దన్నారు.

సాయంత్రం చిన్నమ్మ మా ఇంటికి వచ్చింది.

"పూజా, ఆయన్ని పనిల పెట్టిందెవరే?"

"సభ. ఆయన గడువు పెంచేది గూడ రేపటి సభలనే."

"సభంటే?"

"వాటాలున్నోళ్లు. అంటే మీరే చిన్నమ్మా."

"మరి మా ఆయనెందుకు చెయ్యి లేపుతుండు?"

"నువ్వు రావు గద."

మర్నాడు ఆడవాళ్లందరూ వచ్చి, మగవాళ్ల కుర్చీల వెనక జంపఖానా మీద కూర్చున్నారు. అధ్యక్షుడు వెంకటన్న తలూపగానే, మేనేజర్ గడువు పొడిగించే తీర్మానం చదివాను. కురుమూర్తి చిన్నాయన చెయ్యి అలవాటుగా లేచింది. చిన్నమ్మ లేచి వచ్చి ఆ చెయ్యి కిందికి దించింది.

"వాటా నాది. చెయ్యి నీదా?"

"బువ్వ సల్లారుతదే."

"సల్లారనీ. మేం నీళ్లు తాగకుండనే ఉంటలేమా?"

మిగతా చేతులు కూడా ఒక్కొక్కటే దిగాయి.

"నేను పోతే లారీలెవరు మాట్లాడతరు?" అన్నారు జితేందర్ గారు.

"అదీ నిజమే సారక్కా" అన్నాడు వెంకటన్న.

"నా పల్లి గూడ ఆ లారీలనే పోతదన్నా, నాకు తెల్వదా? ఇంకోర్ని చూద్దాం. ఆడోళ్లను గిట్ల సతాయించనోడ్ని."

వెంకటన్న ఈసారి ఆడవాళ్లనే అడగమన్నాడు. మళ్లీ చదివాను. ఒక్క చెయ్యీ లేవలేదు.

జితేందర్ గారు తాళంచెవి బల్ల మీద పెట్టారు. వెంకటన్న దాన్ని చిన్నమ్మకు ఇవ్వబోయాడు.

"నాకెందుకన్నా? ఆ తాళమే తీసెయ్యి. రేపు నేను పనికి రావాల్నా వద్దా, జర గది జెప్పు."

"రా సారక్కా."

అన్నం నిజంగానే చల్లారిపోయింది. చిన్నాయన పప్పు కలుపుకుంటూ, "వచ్చేయేడు సభకు నువ్వే పో. నేను సక్కగ బువ్వ యాల్లకొస్త" అన్నాడు.