కొత్త బిళ్ల

పసుపు రంగు ఇంకా పోలేదు. గాజుకుప్పె అడుగున చిన్న తెల్లటి అయస్కాంతపు బిళ్ల గిరగిరా తిరుగుతూ ద్రవాన్ని కలుపుతోంది. అతను స్టూలు మీద నడుము వంచి, వాచిన కనురెప్పలతో దాన్నే చూస్తున్నాడు. మందు పనిచేస్తే ఆ రంగు పోవాలి. నిన్నటిదాకా పోయింది.

ఒంట్లో పుట్టే ఒక విషాన్ని హరించే మందు కోసం సగం జీవితం ఖర్చుపెట్టాడు. సెలీనియం ఆ పని చేస్తుంది గాని, మోతాదు మించితే అదే విషం. పైగా దాని వాసన ఒంటిని పట్టుకుని వదలదు. గంధకం దానికి తోబుట్టువు. చవక, సౌమ్యం, ఒట్టి మందకొడి. అలాంటి గంధకం ఈమధ్య చకచకా పనిచేసింది. అది నిజమైతే ఈ ప్రయోగశాల గది అతనికి ఉంటుంది. కాకపోతే పక్క విభాగం వాళ్లది.

"కాస్త అటు జరగండి మహానుభావా! వెల్లుల్లి కొట్టులో కాపురం చేస్తున్నట్టుంది," అంది పొద్దున భార్య.

"ఇంకొన్నాళ్లు ఓర్చుకోవే. ఈసారి గంధకంతోనే పని కుదిరింది."

ఆ తర్వాతే, నిన్నటిదాకా వాడిన పాత బిళ్ల కొసన గోధుమరంగు మరక కనిపించింది. ఇదివరకు సెలీనియంలో తిరిగిన బిళ్ల అది. ఎంత కడిగినా పోలేదు. అందుకే కొత్త బిళ్ల వేశాడు.

సాయంత్రమైనా పసుపు పసుపులాగే ఉంది.

నోరు మూసుకుంటే దక్కేదీ, తెరిస్తే పోయేదీ తూచి చూసుకున్నాడు. తర్వాత మోకాళ్లు పట్టుకుని లేచి తమ విభాగం పెద్దాయన గదికి వెళ్లాడు.

"గంధకం పనిచేయలేదండీ. పాత బిళ్లలో ఇంకిన సెలీనియం చేసింది."

పెద్దాయన కళ్లజోడు తీశాడు. "నువ్వు చెప్పకపోతే నాకు తెలిసేదా?"

"తెలిసేది కాదు."

"మరెందుకయ్యా చెప్పడం?"

"పనిచేయనిదాన్ని మందని నమ్మి మింగేవాళ్లు ఉంటారు గదండీ."

పెద్దాయన కళ్లజోడు మళ్లీ పెట్టుకున్నాడు. "గది నీకు ఉంచలేను మరి."

"తెలుసండీ."

సీసాల మూతలు బిగించి, గాలిపంకా ఆపి, తాళంచెవి ఇచ్చేసి అతను బస్సు వైపు నడిచాడు. వెనక్కి చూడలేదు.

బస్సులో పక్కవాళ్లు లేచిపోకూడదని రోజూ వెళ్లే ముందు మార్చుకునే చొక్కా, ఇస్త్రీ మడత నలగకుండా, ఆ గది తలుపు వెనక కొక్కేనికి అలాగే వేలాడుతోంది.