జమానత్ సంతకం

మా ఆయన రాఘవేందర్ పోయిన పదహారో రోజు పొద్దున పర్వతాలన్న తలుపు తన్నుకుంటూ లోపలికి వచ్చాడు. మోండా మార్కెట్‌లో అతను టమాటాలు అమ్మేవాడు. పక్కనే మా ఆయన ఉల్లిగడ్డలు అమ్మేవాడు. పర్వతాలన్న నన్ను చెల్లె అని పిలిచేవాడు. అతని వెనకే మా ఆయనకు అప్పిచ్చిన హరికిషన్, అతని మనుషులిద్దరు. నేరేడ్‌మెట్‌లో మాది ఒక్క గది. నలుగురు మగవాళ్లు నిలబడేసరికి ఊపిరాడలేదు. పడుకున్న పాపకు అడ్డంగా జరిగాను.

"సంతకం పెట్టు," పర్వతాలన్న నా ముందు కాగితం పడేశాడు.

ఎనిమిదో తరగతితోనే బడి మానిపించినా అక్షరాలు మరచిపోలేదు. 'నా భర్త బాకీ రెండు లక్షలు నా సొంత బాకీగా ఒప్పుకుని' అని ఉంది. పక్కింటి విమలమ్మ బేగంపేటలో వకీలు ఇంట్లో వంట చేస్తుంది. "మొగుని అప్పు ఆయన ఇడిచిపోయిన ఆస్తి దాకనే. నువ్ సంతకం పెడ్తె నీ మెడకు సుట్టుకుంటది, పైలం," అని ముందే చెప్పింది. ఆయన విడిచిపోయింది ఒక తక్కెడ, తూకం రాళ్లు, గోనెసంచులు. టిఫిన్ సెంటర్‌లో నాకొచ్చే కూలి పాప గుండె మందులకే చాలదు. అది వడ్డీకి పోతే మందులు ఆగిపోతాయి.

"పెట్టనన్నా."

చెంప పగిలింది. చెవిలో గుయ్‌మంది. పాప లేచి కేర్‌మంది.

"జెర మెల్లగ పర్వతాలు," హరికిషన్ నవ్వాడు. "నాకేం పరేషాన్ లేదు. ఆమె కట్టకుంటే నువ్ కడ్తవ్. జమానత్ నువ్వే కద."

"నేను ఉట్టి సాక్షిననుకున్న సేఠ్! రాఘవేందర్ గట్లనే చెప్పిండు. చాయ్ తాపిచ్చి పెట్టమన్నడు, పెట్టిన!"

"రెండు లక్షల చాయ్! మలాయ్ సుత ఏశిన్రా?"

మనుషులిద్దరూ పగలబడి నవ్వారు. పర్వతాలన్న నా జుట్టు పట్టుకుని తల పైకి లాగాడు.

"నువ్ సదువుకున్నదానివి. ఆ దినం కాయితం నీ చేతులనే ఉండె. జమానత్ అని ఎందుకు చెప్పలే?"

నిజమే. చదివాను. సాక్షి వేరు, అప్పుకు పూచీపడే జమానత్ వేరు అని నాకు తెలుసు. కానీ పాప ఆపరేషన్ డబ్బు ఆ సంతకం కోసం ఆగి ఉంది.

"పిల్ల సచ్చిపోతుండె అన్నా," అన్నాను.

"నాకు లేరానే పిల్లలు?" అంటూ నా తల గోడకేసి కొట్టాడు. కళ్లు బైర్లు కమ్మాయి. పాపను ఒంటి రెక్క పట్టుకుని పైకి లేపాడు. కుట్ల దగ్గర చొక్కా పైకి జరిగింది. పాప ఏడుపు ఆగి, పెదాలు నీలమయ్యాయి.

"పెడ్తవా, పెట్టవా?"

చేతికి తూకం రాయి తగిలింది. రెండు కిలోలది. అతని మోకాలి చిప్ప మీద కొట్టాను. ఎముక విరిగిన చప్పుడు. పాప పరుపు మీద పడింది, అతను నేల మీద పడ్డాడు. మళ్లీ కొట్టాను, పాపను పట్టుకున్న ఆ చేతి మీద. నెత్తురు కాగితం మీద చిందింది.

హరికిషన్ కాగితం తీసి చూసి, ఉండచుట్టి పారేశాడు.

"ఈమెతోని కాదు. పాత కాయితమే మస్తు, అండ్ల జమానత్ వీనిదే. పట్టున్రి వీన్ని."

మనుషులు పర్వతాలన్నను కాళ్లు పట్టి బయటికి ఈడ్చుకుపోయారు. గడప మీద అతని తల తగిలింది. నేను గొళ్లెం పెట్టాను.

గల్లీలో కర్రలు పడుతున్న చప్పుడు. "చెల్లే! సంపుతున్రు, చెల్లే!"

పాపను ఒళ్లోకి తీసుకుని చెవి గుండెకు ఆనించాను. కొట్టుకుంటోంది. పెదాలకు రంగు తిరిగి వస్తోంది.

"అమ్మా, మామ పిలుస్తుండు," అంది పాప.

"పిలవనీ," అని మందు సీసా మూత తిప్పాను.