కోయని కూజా

ఆయన చేపట్టని కళ లేదు, ఆయన చేతిలో పడి బతికి బట్టకట్టిన కళా లేదు. ఈ మాట అన్నది బావమరిది. అని ఊరుకోకుండా ఒక పేరు కూడా తగిలించాడు: అరవైనాలుగు బావ. కళలు అరవైనాలుగు కదా, అన్నిటి అంతూ చూస్తే గాని మా బావ నిద్రపోడని వాడి లెక్క. ఆ పేరు ఇంట్లోంచి ఎలా పాకిందో గాని ఆయన పనిచేసే ఇన్సూరెన్స్ ఆఫీసు దాకా పాకింది. ఫైళ్ళు మోసే మనిషితో సహా అందరూ చాటుగా "అరవైనాలుగు వచ్చాడా?" అని అడిగేవారు. ఆ సంగతి ఆయనకి తెలుసు. తెలిసీ నొచ్చుకోలేదు సరికదా, లోలోపల కాస్త మురిసిపోయాడు కూడా. వెక్కిరింతలోంచి సైతం మెప్పు ఏరుకునే రకం.

మొదట బొమ్మలు గీశాడు. తరవాత చెక్క పని పట్టాడు. ఆయన చేసిన స్టూలు మీద కూర్చున్న చుట్టాలు కబుర్లు మానేసి, పడిపోకుండా చూసుకోవడంలో మునిగిపోయేవారు. ఆ పైన బుట్టలల్లాడు, తోలు మీద పూలు కొట్టాడు, పుస్తకాలకి అట్టలు కట్టాడు. అట్ట కట్టిన నిఘంటువు ఒకటి ఇప్పటికీ తెరుచుకోదు. జిగురు ఎక్కువైంది. కళ మారినప్పుడల్లా పాత సామాను అటకెక్కేది. లోకంలో అందరి పనులూ మాటవరసకి అటకెక్కుతాయి, ఆ ఇంట్లో మాత్రం నిచ్చెన వేసి మరీ ఎక్కించేవారు. అటక నిండాక చిన్న గది కూడా ఆ సామానుకే పోయింది. ఆ గదిలో కుట్టుమిషన్ వేసుకోవాలని ఆయన భార్య ఒకప్పుడు అనుకుంది. మిషన్ మంచం పక్కనే ఉండిపోయింది.

నవ్వులాట పక్కన పెడితే ఆయన కోరిక పెద్దదేం కాదు. పేరు అక్కర్లేదు, బహుమతులు అక్కర్లేదు. తన చేత్తో చేసిన వస్తువు ఒకటి, ఎవరు చేశారో తెలియని మనిషి ఎవరో చేతిలోకి తీసుకుని, కింద పెట్టబుద్ధి కాక ఒక్క క్షణం అలా ఉండిపోవాలి. అంతే. దాని కోసం యాభై దాటిన మనిషి సెలవు రోజుల్లో పిల్లలతో పాటు క్లాసుల్లో కూర్చునేవాడు. అది తలుచుకుంటే నవ్వు రాదు.

చిక్కల్లా ఎక్కడంటే, ప్రతి కళ దగ్గరా ఎవరో ఒకరు ఒక మాట అనేవారు. "కొలత తప్పింది, విప్పి మళ్ళీ బిగించండి" అని వడ్రంగి అన్న మర్నాడే చెక్క మీద మనసు విరిగిపోయింది. బుట్టలు నేర్పే ఆవిడ అడుగు వదులుగా ఉందనగానే ఆ పని తన వేళ్ళకి పడదని తేలిపోయింది. ఇంట్లో మాత్రం ఏది తెచ్చి చూపించినా భార్య "బాగుందండీ" అనేది. కూతురూ "బాగుంది నాన్నా" అనేది. ఆ రెండు మాటలూ తిని ఆయన ఇంకో కళకి తయారయ్యేవాడు.

ఇన్నిటిలోనూ మట్టి ఒక్కటే ఆయన మాట విన్నది. ఆ సంగతి అప్పట్లో ఆయనకి అర్థం కాలేదు.

కుండలు నేర్పే ఆవిడని అందరూ మట్టి మేడమ్ అనేవారు. పొడుగ్గా, సన్నగా, ఎప్పుడూ మోచేతుల దాకా బురదతో ఉండేది. ఒక పాత గోడౌన్‌లో కుమ్మరి సారెలు వరసగా వేసి నేర్పేది. తిరిగే సారె మీద మట్టి ముద్దని సరిగ్గా నడిమధ్యకి తేవడానికి మిగతావాళ్ళు నెలల తరబడి తంటాలు పడుతుంటే ఆయన అరచేతుల్లో అది రెండో వారానికే కుదురుకుంది. గిన్నె లేచింది. మేడమ్ వచ్చి చూసింది. రెండు కొసలా కర్రముక్కలు కట్టిన తీగ తీసి, గిన్నెని పైనుంచి కింది దాకా రెండు చెక్కలుగా కోసేసింది. "అడుగు మందం. మళ్ళీ చేయండి" అని వెళ్ళిపోయింది.

పక్కనే ఒక పెద్దాయన చేసింది గిన్నో పళ్ళెమో బ్రహ్మకి కూడా తెలియదు. దాన్ని చూసి ఇదే మేడమ్ "బాగుందండీ" అని, ఎండబెట్టే పలక మీద జాగ్రత్తగా పెట్టి, తరవాత బట్టీలో కాల్చి, రంగు పూసి, కాగితంలో చుట్టి ఇచ్చింది. ఆయనవి మాత్రం చేసినవి చేసినట్టు తీగ పాలయ్యాయి. చివరికి పంతం పట్టి ఒక కూజా లేపాడు. పొట్ట నిండుగా, మెడ సన్నగా, ఆయనకే నమ్మకం కలగనంత ముద్దుగా వచ్చింది. మేడమ్ దాని చుట్టూ తిరిగి చూసింది. ఆ వెంటనే తీగ దిగింది.

"మెడ దగ్గర చూడండి" అంది, చెక్కలు రెండూ విడదీసి. "పడిపోతుందని భయపడి చెయ్యి తీసేశారు. మట్టంతా అక్కడే ఆగిపోయింది. మళ్ళీ."

ఆయన చేతులు కడుక్కుని ఇంటికొచ్చేశాడు. ఆవిడకి తన మీద ఏదో కక్ష ఉందన్నాడు. "పోనీలెండి, ఆవిడకేం తెలుసు" అంది భార్య. ఆయన కడుపు చల్లబడింది. అట్టలు కట్టడం, తోలు పని, అన్నీ ఆ తరవాతవే.

ఏళ్ళు గడిచాయి. ఒకరోజు రక్తం పరీక్షకని ఆస్పత్రికి వెళ్ళాడు. నర్సు సూది సర్దుతుంటే, బల్ల మీద పెన్నులు వేసిన మట్టి గ్లాసు ఒకటి ఊరికే చేతిలోకి తీసుకున్నాడు. తేలిగ్గా ఉంది. అంచు వేలికి తగిలీ తగలనట్టుంది. పెన్నులు తీసి లోపలికి చూశాడు, తిప్పి అడుగు చూశాడు. నర్సు రెండుసార్లు చెయ్యి చాపమంది. ఆయనకి కింద పెట్టబుద్ధి కాలేదు.

"ఎవరు చేశారమ్మా ఇది?"

"నేనేనండీ" అని ఆయన మొహంలోకి చూసి, ఒక్కసారి గుర్తుపట్టింది. "అయ్యో, మీరా! మట్టి మేడమ్ దగ్గర మీ పక్క సారె నాదే. ఎందుకు మానేశారండీ? మిమ్మల్ని చూసి మేమంతా కుళ్ళుకునేవాళ్ళం."

"నన్ను చూసా? ఆవిడ నావి ఒక్కటీ ఉండనిచ్చేది కాదు కదా!"

"అందుకే మరి! మీవి మొదట్నుంచీ కోసేది. నాది కోయడానికి ఏడాది పైన పట్టింది. కోసిన రోజు ఇంటికెళ్ళి అందరికీ స్వీట్లు పంచాను. కాలక్షేపానికి వచ్చేవాళ్ళవి ఆవిడ కోయదండీ. వాళ్ళ సరదా ఎందుకు పాడుచేయడమని బాగుందని చెప్పి ఇచ్చేస్తుంది. ఎవరి చెయ్యి తిరుగుతుందనిపిస్తే వాళ్ళకే తీగ. మీకు తెలియదా?"

తెలియదు. మిగతా అందరికీ తెలిసిన సంగతి ఆయనకొక్కడికీ తెలియదు. ఎవర్నైనా ఒక్క మాట అడిగి ఉంటే తెలిసేది. ఆస్పత్రి మెట్లు దిగుతుంటే మొదట సంతోషం కలిగింది, సందు తిరిగేసరికి అది కాస్తా దుఃఖమైంది. ఆ వారమే గోడౌన్‌కి వెళ్ళి మళ్ళీ చేరాడు.

మేడమ్ జుట్టు నెరిసింది, చూపు మాత్రం అలాగే ఉంది. ఆయన వేళ్ళు బిగుసుకుపోయాయి. మట్టి నడిమధ్యకి రావడానికే చాలా వారాలు పట్టింది. అయినా ఒక్క క్లాసు మానలేదు. చివరికి కూజా లేపాడు. మెడ దగ్గరకి వచ్చేసరికి అదే భయం, చెయ్యి అక్కడే వెనక్కి వచ్చేసింది. ఆ సంగతి ఆయనకి తెలుస్తూనే ఉంది. తెలిసి, తీగ కోసం ఎదురుచూశాడు. ఇంత ఆశగా ఆయన ఏ మెప్పు కోసమూ ఎదురుచూడలేదు.

మేడమ్ వచ్చింది. కూజాని చూసింది, ఆయన్ని చూసింది. "బాగుందండీ" అంది. ఎత్తి పలక మీద పెట్టబోయింది.

"కోయరా మేడమ్?" అన్నాడు.

"ఎందుకండీ, ముచ్చటగా ఉంది. ఇంట్లో పెట్టుకోండి."

"మెడ మందంగా ఉంది. నాకు తెలుసు. కోయండి."

ఆవిడ విసుక్కోలేదు, జాలీ చూపలేదు. తీగ ఆయన చేతికే ఇచ్చింది. ఆయన రెండు కొసలూ పట్టుకుని కూజా మీదకి తెచ్చాడు. తెచ్చి అక్కడే ఆగిపోయాడు. నిండుగా ఉన్న ఆ పొట్ట, ఇన్ని వారాల శ్రమ. చేతులు దిగలేదు. మేడమ్ కాసేపు చూసి, తీగ నెమ్మదిగా తీసుకుని పక్క సారె దగ్గరకి వెళ్ళింది. అక్కడ కూర్చున్న కాలేజీ అమ్మాయి గిన్నెని రెండు చెక్కలు చేసింది. ఇద్దరూ తలలు దగ్గర పెట్టుకుని ఏదో మాట్లాడుకున్నారు.

కొన్నాళ్ళకి, కాల్చి, నీలం రంగు పూసి, కాగితంలో చుట్టిన కూజాతో ఆయన ఇంటికి చేరాడు. భార్య జాకెట్టుకి గుండీలు కుడుతోంది. కాగితం విప్పకముందే "బాగుందండీ" అంది.

"ఇంకా చూడలేదు నువ్వు" అన్నాడు. "చూసి చెప్పు. ఈ ఒక్కసారికి నిజం చెప్పు. నాకు నిజమే కావాలి."

ఆవిడ సూది పక్కన పెట్టి ఆయన మొహం పరీక్షగా చూసింది. తరవాత కూజా ఎత్తింది.

"మెడ మొద్దుగా ఉంది. ఖాళీదే ఇంత బరువుంది, నీళ్ళు పోస్తే ఎవరెత్తుతారు?" అక్కడితో ఆపుదామనుకుంది గాని ఆగలేకపోయింది. "నిజం కావాలా మీకు? పెళ్ళయిన కొత్తలో నా బొమ్మ గీశారు. ముక్కు కాస్త పక్కకి పోయిందన్నాను. అంతే, ఎన్నాళ్ళు మాట్లాడలేదో గుర్తుందా? అన్నం పెడితే తినేవారు, మొహం చూసేవారు కాదు. ఏం తప్పు చేశానో తెలియక వంటింట్లో ఏడ్చేదాన్ని. అప్పట్నుంచి మీరు తెచ్చేవాటిని చూడటం మానేశాను. బాగుందనడానికి చూడక్కర్లేదుగా! పిల్లకి ఊహ తెలియగానే దానికీ అదే నేర్పాను. మీకు ఏ పనీ అక్కర్లేదండీ. ఆ మాట ఒక్కటీ కావాలి."

నిజం వింటే కళ్ళు తెరుచుకుంటాయని ఆయన దారి పొడుగునా అనుకున్నాడు. థాంక్స్ చెబుతానని కూడా అనుకున్నాడు. తీరా వినేసరికి అరికాలి మంట నెత్తికెక్కింది. "నీకేం తెలుసు?" అని అరిచి, చిన్న గదిలోకి పోయి గడియ పెట్టుకున్నాడు.

గోడౌన్‌లో చేతులు కడుక్కుని వచ్చేసిన మనిషి, ఈ గడియ పెట్టుకున్న మనిషి ఒక్కడేనని ఆయనకి తెలుసు. ఇప్పుడు తలుపు తీసి, అవును, నిజమే అంటే చాలు. కొత్తగా ఏ కళా నేర్చుకోనక్కర్లేదు. లేవలేకపోయాడు. కోపం తగ్గుతుందేమోనని చూశాడు, తగ్గలేదు.

చాలాసేపటికి తలుపు అవతల గాజుల చప్పుడైంది.

"ఏవండీ." ఆవిడ గొంతులో అలసట తప్ప ఏమీ లేదు. "ఏదో చిరాకులో అనేశాను. అవేం మనసులో పెట్టుకోకండి. కూజా ముందుగదిలో పెట్టాను. ఆ నీలం రంగు ఎంత కళగా ఉందో! గదికే ఒక అందం వచ్చింది."

అబద్ధమని ఆయనకి తెలుసు. ఆవిడ ముందుగదిలోకి వెళ్ళలేదు, వంటింట్లోంచి సరాసరి ఇటే వచ్చింది, అడుగులు విన్నాడు. అయినా ఆ మాట చెవిన పడగానే ప్రాణం లేచొచ్చినట్టయింది. దానికి సిగ్గుపడ్డాడు, సిగ్గుపడుతూనే లేచి గడియ తీశాడు.

"నిజంగానా?" అని అడిగాడు.