బట్టమేక సాక్ష్యము

శ్రావణమేఘములు దారి తప్పివచ్చి మరుభూమిపై నాలుగు చినుకులు రాల్చిపోఁగా స్వర్ణవర్ణశిలానిర్మితదుర్గశోభితమగు జైసల్మేరు పురము బాలాతపమునఁ బసుపు పూసిన పెండ్లివాకిలివలె మెఱయుచుండెను. అట్టి ప్రభాతమున నాదోని నూనెవర్తకుఁడు మద్దిలేటయ్యయు నాతని యిల్లాలు సుంకులమ్మయు నా పురవీథుల నడచుచుండిరి. వారి నంతదూరము రప్పించినది కోటయుఁ గాదు, ఒంటెసవారియుఁ గాదు. ఒక పాత పరిహాసము.

సుంకులమ్మ పుట్టినయూరు కర్నూలుసీమలోని రోళ్ళపాడు. నూతనవధూవరులు తొలిసారి గడప దాఁటువేళ నాఁడుబిడ్డలు వాకిలి కడ్డము నిలిచి యొకరి పేరొకరిచేఁ జెప్పించుట మన యాచారము గదా. ఆనాఁడు వారు పేరుతోఁ దనివి చెందక "మీ యూర్లో వింతేముంది?" అని యడుగఁగా నా ముగ్ధ "మా బీళ్ళలో బట్టమేకని మేకంత పిట్ట గొంతు సంచి మాదిరి యేలాడేసి ఆడతాది" అని చెప్పెను. ఇంకేమున్నది, ఇల్లెల్ల గొల్లుమనెను. నాఁటినుండి యామె బట్టమేక కోడలయ్యెను. గడపలోఁ బలికిన యామె పేరును మగఁడు మఱల నోటఁ బలుకనేలేదు. కాలక్రమమున రోళ్ళపాటి బీళ్ళలో నా పక్షియే కనుమఱుఁగు గాఁగా నామె మాటకు సాక్షి లేకపోయెను. నవ్వుచునే కాపురము చేసెను గాని బొంకులాఁడి యన్న ముద్ర యామె మనసున ముల్లై గ్రుచ్చుచుండెను.

ఆ పక్షి జైసల్మేరు మరుభూమిలో నింకను గలదని విని యామె మగని వెంటఁబెట్టుకొని వచ్చెను. మొదట మ్యూజియమునకుఁ బోయిరి. అచట గాజుపెట్టెలో గ్రుడ్డుపై నొదిగిన యాఁడు బట్టమేక మెడ ముడుచుకొని యుండెను. తోలులో దూది కూరి నిలిపిన పక్షి యది. మద్దిలేటయ్య కన్నులఁ గొంటెదనము తొణికెను.

"ఇదేనా నీ మేక? మన పెరట్లో బాతు నయం గదే."

"కూసున్నదాన్ని జూసి ఎత్తు చెప్తారేంది? రాండి, బయటికి పోదాం" అని సుంకులమ్మ ముందు నడచెను.

పురమునకు దవ్వుగా నున్న రక్షితభూమిలో మార్గదర్శి ఖేతసింగు జీపు నాపి మాటలాడవలదని సైగ చేసెను. చిఱుజింకలు తృణాంకురములు మేయుచుండెను. ఇసుకనక్క యొకటి వీరిం గాంచి కలుఁగు దూఱెను. అంతలో గడ్డిమాటునుండి గంభీరనాదము వినవచ్చెను.

"యాడనో ఒంటె రంకె యేస్తాంది" అని మద్దిలేటయ్య గొణిఁగెను.

సుంకులమ్మ మగని మోచేయి గట్టిగాఁ బట్టుకొనెను. గడ్డి కావల ధవళకంఠమును నల్లని తలకట్టును నేల నంటుచున్న గొంతుసంచియు వీపుపైకెత్తిన తోఁకయుఁ గలిగి మేకపోతంత బట్టమేకపుంజు మదమందగమనమున నాడుచుండెను. ఎన్నాళ్ళ కెన్నాళ్ళకు! ఆమె చెంపలపై నానందబాష్పములు జాఱెను. మద్దిలేటయ్య తెఱచిన నోరు మూయ మఱచెను.

బసకు మరలినపిమ్మట సుంకులమ్మ తాళము దీసి గడపపై నిలిచి వాకిలి కడ్డముగాఁ జేయి చాఁచెను.

"పేరు చెప్పి లోపలికి రాండి."

తోడి యాత్రికులు వింతగాఁ జూచుచుండ నా ముదుసలి వర్తకుఁడు పెండ్లికొడుకువలె సిగ్గుపడి కండువ సవరించుకొని యెలుఁగెత్తి పలికెను.

"నేనూ, ఏ పొద్దూ అబద్ధమాడని మా సుంకులమ్మా వచ్చినాం."

"పిట్ట యెంతుండె?"

"మేకంత" అని యాతఁడు తల వంచెను.

ఆమె నవ్వి చేయి దింపెను. మద్దిలేటయ్య క్రొత్తకోడలివలెఁ గుడికాలు ముందు పెట్టి గడప దాఁటెను.