సన్న వేరు మీద నల్లద్రాక్ష

వేరుపేను పట్టి పాత తీగలన్నీ ఎండిపోయాక, మా ఊరు హుమియా చుట్టుపక్కల అందరం, ఆ పేనుకు లొంగని వేరు మీద కట్టిన అంటు మొక్కలే నాటాల్సి వచ్చింది. పై కొమ్మ ఎవరికైనా ఒకటే, మా నల్లద్రాక్ష మొనస్ట్రెల్. కింద ఏ వేరు పెట్టాలన్న దగ్గరే వాదాలన్నీ.

ఫ్వెన్‌సాంతా, ఆమె అన్న హినెస్ తల్లి చేనును చెరిసగం పంచుకున్నారు. హినెస్ రాళ్లను చీల్చుకుపోయి నీరు తోడుకునే మొండి వేరు నాటాడు. ఫ్వెన్‌సాంతా నెమ్మదిగా పెరిగే సన్న వేరు ఎంచుకుంది.

"ఆ పీల వేరెందుకే? దాని ఆకు మీ మేకక్కూడా చాలదు!" అన్నాడు హినెస్.

"మేకకి నాటట్లేదన్నా. నీ వేరు ఎంత తాగినా ఆకులకే పెడుతుంది. నాకు కాయ కావాలి."

అప్పట్లో మా వైన్‌ను పీపాలకెత్తి ఎక్కడికో పంపేవాళ్లు. ఎవరి వైన్‌లోనో కలిసిపోయేది. ఏ సీసా మీదా మా ఊరి పేరుండేది కాదు. ఫ్వెన్‌సాంతాకు ఆ కడుపుమంట ఉంది. సహకార సంఘంలో వైన్ చేసే అమాలియోని అడిగితే, "కాయ బాగుంటే నీది విడిగా పులియబెడతా" అని మాటిచ్చాడు.

తీగలు కాపుకొచ్చిన ఏడే కరువొచ్చింది. బోరు నీళ్లు వంతులవారీగా వదిలారు. హినెస్ తన వంతంతా పారించుకున్నాడు. ఫ్వెన్‌సాంతా మాత్రం పిందె కట్టగానే డ్రిప్పు ఆపేసింది.

"ఏమ్మా, తీగల్ని ఇంకా ఉపవాసం ఉంచుతున్నావా? ఈస్టర్‌తోనే ఉపవాసాలు అయిపోయాయిగా!" అని దారినపోయేవాళ్లు ఎగతాళి చేశారు. ఆమె నవ్వేసి పనిలో పడింది.

జూలైలో వడగాడ్పు మొదలైంది. ఒకరోజు ఆమె సంత నుంచి వచ్చేసరికి తన చేను తడిసి ఉంది. పరుగున వెళ్లి నీళ్లు ఆపేసింది. గట్టు మీద హినెస్ నిలబడి ఉన్నాడు.

"నేనే వదిలా. చచ్చిపోతున్నాయే, చూడలేకపోయా!"

"నీది జాలే, నాకు తెలుసు. కానీ ఇప్పుడు తాగిస్తే కాయ ఉబ్బి తొక్క పలచబడుతుంది. రంగూ రుచీ ఉండేది తొక్కలోనేగా!"

"పంట పోతేనో?"

"పోతే నాదే పోతుంది."

అన్నదే గానీ, ఆమెకు నిద్ర పట్టలేదు. రోజూ తెల్లవారుతూనే చేలో తిరిగేది. మధ్యాహ్నం వాలిన ఆకు పొద్దునకి లేస్తే దిగులు లేదు. ఒక ఉదయం పైగట్టు రాళ్లలో ఆకులు లేవలేదు, అడుగు ఆకులు పసుపెక్కాయి. ఇక పంతానికి పోకుండా, ఆకు నిలబడేంత నీరు మాత్రం వదిలింది. చేను తేరుకుంది. పైగట్టున కొన్ని తీగలు మాత్రం దక్కలేదు. వాటిని తన చేతులతోనే నరికింది.

కోతలకు హినెస్ బండి నిండి పొర్లింది. ఆమె బండి సగానికే వచ్చింది. అమాలియో ఇద్దరి కాయలూ చిదిమాడు. హినెస్ కాయలోంచి లేత రసం జారింది. ఆమెది శనగగింజంత కాయ. దాని తొక్క నలిపితే వేళ్లు నల్లబడ్డాయి. నమిలి, గింజ కూడా కొరికి చూశాడు. ఆమె పంటను వేరే తొట్టిలో పోయించాడు.

మరుసటి వసంతంలో ఆమె వైన్ హుమియా పేరుతో సీసాల్లో వచ్చింది. హినెస్ ఒక గుక్క తాగి గ్లాసు కింద పెట్టాడు.

"ఇది అమ్మ చేనుదేనా?"

"దాందే."

హినెస్ గ్లాసు ఎత్తి ఖాళీ చేశాడు. "పైగట్టు రాళ్లలో నీ వేరు ఆగదే. అక్కడ నాది పెట్టు. అంటు నేను కడతా."

"నీళ్లు మాత్రం నేను చెప్పినంతే."

"సరేలేవే!"

ఆ చలికాలం అన్నాచెల్లెళ్లిద్దరూ కలిసి పైగట్టున గుంతలు తవ్వారు.