ఎవరూ లేని ఒడ్డు

తోర్గైర్ దృష్టిలో జనం అంటే ఇద్దరు. ఒక మనిషి, ఒక కుక్క కనబడినా సరే, కుక్కను కూడా లెక్కలో వేసుకుని బండి తిప్పేసేవాడు. ఆరు రోజులుగా భార్య గున్వోర్‌ను పడకా వంటా అన్నీ ఉండే క్యాంపర్ వ్యానులో కూర్చోబెట్టుకుని కొండలెక్కాడు, లోయల్లోకి దిగాడు, కొండల మధ్యకి చొచ్చుకొచ్చిన సముద్రపు పాయల్ని, ఫ్యోర్డుల్ని, ఫెర్రీల మీద దాటాడు. ఎక్కడా పట్టుమని పది నిమిషాలు ఆగలేదు. జలపాతాలన్నీ గున్వోర్ కిటికీలోంచే చూసింది, అవీ వెనక్కి పరిగెడుతుండగా.

"అదిగో, అక్కడ చోటుంది," అనేదామె.

"తిరనాళ్లలా ఉంది," అనేవాడతను. చూస్తే అక్కడ ఒక్క గుడారం ఉండేది.

ఏడో రోజు సాయంత్రం సోగ్నెఫ్యోర్డ్ ఒడ్డున అతను కోరుకున్న చోటు దొరికింది. పచ్చిక వాలు, ఎదురుగా మంచు కొండ, కింద నల్లటి నీళ్లు. నరమానవుడు లేడు. తోర్గైర్ ముఖం పెళ్లినాడు కూడా అంత వెలగలేదు పాపం.

తెల్లారి కర్టెన్ తీస్తే చుట్టూ పదకొండు వ్యాన్లు! ఒక వ్యాను ఆగిందంటే మంచి చోటే అయ్యుంటుందని రెండోవాడు, రెండు ఆగాయి కదాని మూడోవాడు, అలా చేరారన్నమాట. అందరూ కుర్చీలు నీళ్ల వైపు తిప్పుకుని, పక్కన ఇంకెవరూ లేనట్టు కాఫీ తాగుతున్నారు. పలకరిస్తే అవతలివాళ్లు ఏమనుకుంటారోనని ఎవరి మర్యాద వాళ్లది. సన్నగా వాన మొదలయ్యేసరికి లోపలికి పోయి తలుపులేసుకున్నారు.

సరిగ్గా అప్పుడే తోర్గైర్ వ్యాను నీళ్ల వైపు జారింది. బ్రేకు వేసే ఉంది, గడ్డే నానిపోయింది. అతను ఇంజన్ ఆన్ చేసి వెనక్కి లాగబోతే చక్రాలు బురద చిమ్మి, బండి ఇంకో మూర కిందికి దిగింది.

"వెళ్లి ఎవరినైనా తాడేసి లాగమని అడుగు," అంది గున్వోర్.

"పొద్దున్నే జనాన్ని ఇబ్బంది పెట్టడం దేనికి? ఎండొస్తే గడ్డి ఆరుతుంది."

"ఎండొచ్చేలోగా మనం చేపలతో కలిసి కాఫీ తాగుతాం."

"పోనీ నువ్వే అడగరాదూ?"

గున్వోర్ సీటుబెల్టు పెట్టుకుంది. "నలభై ఒక్క ఏళ్లుగా అన్నీ నేనే అడుగుతున్నాను. పెళ్లి చేసుకుంటావా అని కూడా నేనే అడిగాను. ఈసారి నువ్వు అడిగేదాకా నేను దిగను."

ఆమె అన్నంత పనీ చేసే మనిషి. బండి మరో జాన జారింది. తోర్గైర్ తలుపు తీశాడు. వానలో దిగి పక్క వ్యాను దగ్గరికి పరిగెత్తాడు.

తలుపు తట్టకముందే తెరుచుకుంది. డెబ్బై దాటిన పెద్దావిడ, పేరు ఆస్లౌగ్ అని తర్వాత తెలిసింది, రెయిన్‌కోటు వేసుకుని నిలబడి ఉంది.

"వాన ఆగేలా లేదండీ," అన్నాడు తోర్గైర్.

"మధ్యాహ్నానికి తెరిపిస్తుందని రేడియోలో చెప్పారు."

"అలాగైతే మంచిదే." వెనకాల నీళ్లు చప్పుడు చేశాయి. "మీ వ్యాను రంగు చాలా బాగుంది."

ఆవిడ అతని భుజం మీదుగా తొంగిచూసింది. "మీదీ బాగుంది. ఇప్పటివరకైతే."

"నీళ్లు గడప దాకా వచ్చాయి!" అని కిటికీలోంచి గున్వోర్ అరిచింది. "నేను బ్రెడ్డు మీద చీజ్ రాసుకుంటున్నాను!"

ఆ గొంతు వింటూంటే తోర్గైర్‌కు ఏడుపు ముంచుకొచ్చింది. ఆ గొంతు లేని ఇల్లు ఎలా ఉంటుందో ఒక్క క్షణం కళ్లకు కట్టింది. అతనికి కావలసిన ఏకాంతం అది కాదు.

"అమ్మా, మా ఆవిడ అందులో ఉంది," అన్నాడు. "ఆమె లేకపోతే నేను బతకలేను. సాయం చేస్తారా?"

మాట పూర్తయ్యీ కాకముందే మిగతా పది తలుపులూ ఒక్కసారిగా తెరుచుకున్నాయి. అందరి కాళ్లకూ రబ్బరు బూట్లు, అందరి చేతుల్లోనూ తాళ్లు. ఒకాయన తాడు ఒక కొసను అప్పటికే తన బండికి ముడేసుకుని సిద్ధంగా ఉన్నాడు. అయిదు నిమిషాల్లో వ్యాను గట్టెక్కింది. గున్వోర్ తింటున్న బ్రెడ్డుతోనే కిందికి దిగింది.

"ఎప్పట్నుంచి సిద్ధంగా ఉన్నారు?" అని తోర్గైర్ అడిగాడు.

"మీ బండి మొదటిసారి జారినప్పట్నుంచీ," అంది ఆస్లౌగ్.

"మరి రాలేదేం?"

"మీరు అడగలేదుగా. కావాలనే జారుతున్నారేమో, మధ్యలో మేమెందుకని."

గున్వోర్ భర్త చెయ్యి పట్టుకుంది. "ఏమని అడిగాడు?"

ఆస్లౌగ్ ఉన్నదున్నట్టు చెప్పింది. గున్వోర్ మిగిలిన బ్రెడ్డు అతని నోట్లో పెట్టింది.

తాళ్లు చుట్టడం అయిపోయింది, అయినా ఎవరూ కదలలేదు. వానలో తడుస్తూ అలాగే నిలబడ్డారు. చివరికి ఆస్లౌగ్ గొంతు సవరించుకుంది.

"మంగళవారం తర్వాత నేను మాట్లాడిన మొదటి మనిషి మీరే. రేపు కూడా ఉంటారా?"

తోర్గైర్ ఆ తడిసిన మొహాలన్నిటినీ చూశాడు. నోట్లో బ్రెడ్డు మింగాడు.

"ఉంటాం," అన్నాడు. "బండి మళ్లీ ఆ వాలులోనే పెడతాను. ఎనిమిదింటికల్లా తాళ్లతో వచ్చెయ్యండి."